తమ్ముడు మళ్లీ బాప్తిస్మం తీసుకుంటేనే పెళ్లంటున్నారు. అసలు ఈ త్రిత్వం, ఏకత్వం గొడవేంటి?

రూతు_తణుకు

మా తమ్ముడికి సంబంధం కుదిరింది. అమ్మాయి నర్సింగ్ చేసింది, మంచి పిల్ల, చూడ్డానికి వెళ్లిన రోజే మా అమ్మకి నచ్చేసింది. ప్రధానం అయిపోయింది, పెళ్లి బట్టలు కూడా తీసేసుకున్నాం. పోయిన ఆదివారం అమ్మాయి వాళ్ల సంఘం అయ్యగారు తమ్ముణ్ణి పక్కకి పిలిచి "నువ్వు తీసుకున్నది బాప్తిస్మమే కాదు బాబూ, తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అనేవి పేర్లు కావు, బిరుదులు. యేసుక్రీస్తు నామంలో మళ్లీ తీసుకో, అప్పుడే పెళ్లి చేస్తా" అన్నారట. వాళ్లది యేసు నామ సంఘం అని మాకు తెలుసు గానీ ఇంత తేడా ఉందని తెలీదు. పాటలు అవే, బైబిలు అదే, ఉపవాస ప్రార్థనలు అవే కదా అనుకున్నాం.

మాది లూథరన్ కుటుంబం కాబట్టి తమ్ముడికి పసిబిడ్డగా ఉన్నప్పుడే నీళ్లు చిలకరించి బాప్తిస్మం ఇచ్చారు. పదిహేడో ఏట వేరే సంఘానికి వెళ్లడం మొదలుపెట్టాక, చిలకరించింది చెల్లదని వాళ్లంటే కాలవలో మునిగి మళ్లీ తీసుకున్నాడు. ఇప్పుడు అదీ చెల్లదంటున్నారు. ఇది మూడోది అవుతుంది.

వాడు టెన్షన్ పడుతున్నాడు, అమ్మ అంతకంటే ఎక్కువ. నాన్న పోయి రెండేళ్లయింది. నిన్న రాత్రి అంట్లు కడుగుతూ కడుగుతూ ఆగి "అయితే మీ నాన్న బాప్తిస్మం లేకుండానే పోయాడా?" అనడిగింది. నాకు నోట మాట రాలేదు. ఏకత్వం వాళ్లు ఏమంటారు, త్రిత్వం వాళ్లు ఏమంటారు, ఎందుకంటారు, తెలిసినవాళ్లు కోప్పడకుండా చెప్పండి.

కువైట్_సాలొమోను

ఈ షరతేదో సంబంధం మాట్లాడే రోజే చెప్పాలి. ప్రధానం అయ్యాక చెప్పడం పద్ధతి కాదు. సిద్ధాంతం సంగతి తర్వాత.

యేసునామం_238

నేను ఏకత్వ సంఘంలో, అంటే మీరన్న యేసు నామ సంఘంలో పుట్టి పెరిగినవాణ్ణి. మా గురించి బయట చెప్పేవాటిలో సగం తప్పులే కాబట్టి ముందు మేం ఏం నమ్ముతామో రాస్తాను అక్కా.

దేవుడు ఒక్కడే. "మన దేవుడైన యెహోవా అద్వితీయుడగు యెహోవా" అని ద్వితీయోపదేశకాండం 6:4. ఆ ఒక్క దేవుడే శరీరం ధరించి యేసుగా వచ్చాడు. తండ్రి అంటే ఆయనలోని దైవత్వం, కుమారుడు అంటే ఆ దేవుడు శరీరధారిగా ప్రత్యక్షమైన రూపం, పరిశుద్ధాత్మ అంటే ఇప్పుడు మనలో పనిచేస్తున్న అదే దేవుడు. యెషయా 9:6 పుట్టబోయే శిశువునే "నిత్యుడగు తండ్రి" అంది. తండ్రిని చూపించమని ఫిలిప్పు అడిగితే "నన్ను చూచినవాడు తండ్రిని చూచియున్నాడు" అన్నాడు ప్రభువు. దేవత్వం యొక్క సర్వపరిపూర్ణత శరీరంగా క్రీస్తులో నివసిస్తోందని కొలొస్సయి 2:9. మూడో వంతు కాదు, సర్వపరిపూర్ణత. దేవుడు ఒక్కడే గానీ తండ్రి, కుమారుడు, ఆత్మ అనే ముగ్గురు వ్యక్తులుగా ఉన్నాడనేదే త్రిత్వం. "త్రిత్వం" అనే మాట బైబిల్లో లేదు, "ముగ్గురు వ్యక్తులు" అనే మాటా లేదు.

బాప్తిస్మం సంగతికొస్తే, మత్తయి 28:19లో "నామములోనికి" అని ఏకవచనం ఉంది, "నామములలోనికి" అని లేదు. ఆ ఒక్క నామం ఏదో అపొస్తలులకి తెలుసు. పెంతెకొస్తు నాడు పేతురు చెప్పింది యేసుక్రీస్తు నామమే. అపొస్తలుల కార్యాలు 2:38, 8:16, 10:48, 19:5, నాలుగు చోట్లా ఆ నామమే. మూడు బిరుదులు పలికి బాప్తిస్మం ఇచ్చిన సంఘటన ఆ పుస్తకం మొత్తంలో ఒక్కటీ లేదు, వెతుక్కోండి.

మీ తమ్ముడి పెళ్లికి షరతు పెట్టడం మీద నా అభిప్రాయం వేరు, అది తర్వాత రాస్తాను.

లూథరన్_మనవడు

ఇది కొత్త బోధ కాదు. తండ్రి, కుమారుడు, ఆత్మ వేర్వేరు వ్యక్తులు కారని మూడో శతాబ్దంలో రోమాలో సబెల్లియస్ అనే బోధకుడు చెప్పిందే. అప్పుడే అతన్ని సంఘం నుంచి వెలివేశారు. 381లో కాన్‌స్టాంటినోపుల్‌లో జరిగిన బిషప్పుల సభ నాటికి విషయం తేలిపోయింది. దాన్ని మళ్లీ తవ్వి పెళ్లి ఇంట్లో పెట్టారు.

యేసునామం_238

@లూథరన్_మనవడు సబెల్లియస్ రాసినవి ఒక్క పేజీ కూడా మిగల్లేదు. అతను ఏమన్నాడో అతని విరోధులు రాసిందే మనకి తెలుసు. పైగా దేవుడు ముందు తండ్రిగా ఉండి, తర్వాత కుమారుడిగా మారి, తర్వాత ఆత్మగా మారాడని మేం చెప్పం. ఒకే సమయంలో తండ్రిగా, కుమారుడిగా, ఆత్మగా ఉన్నాడంటాం. నేను మా నాన్నకి కొడుకుని, నా కూతురికి తండ్రిని, నా భార్యకి భర్తని, మనిషిని మాత్రం ఒక్కణ్ణే.

సండేస్కూల్_టీచర్

నేను పిల్లలకి నీళ్లు, మంచుగడ్డ, ఆవిరి అని చెప్తాను. పదేళ్లుగా అదే చెప్తున్నా. అది తప్పా?

బెరయ_చదువరి

@సండేస్కూల్_టీచర్ తప్పనే చెప్పాలి అక్కా. గిన్నెలో నీళ్లు గడ్డకట్టినప్పుడు అవే నీళ్లు ఆవిరిగా ఉండవు కదా. ఒకటి పోయి ఇంకొకటి వచ్చినట్టు అవుతుంది. మనం త్రిత్వం నేర్పుతున్నామనుకుంటూ పిల్లలకి సబెల్లియస్ చెప్పిందే నేర్పుతున్నాం. గుడ్డు సొన, పెంకు అన్నా ఇబ్బందే, పెంకు ఒక్కటే గుడ్డు కాదుగా. యేసు బాప్తిస్మానికి యోర్దాను నదిలో దిగిన సంగతి చెప్పండి చాలు. నీళ్లలో కుమారుడు, పావురంలా దిగుతున్న ఆత్మ, ఆకాశం నుంచి తండ్రి స్వరం. బొమ్మ గీయించినా పిల్లలు గుర్తుంచుకుంటారు.

సండేస్కూల్_టీచర్

ఈ ఆదివారమే గీయిస్తాను. ముప్పై రెండు మంది పిల్లలున్నారు, పావురాలు బాగానే వస్తాయి.

యేసునామం_238

యోర్దాను చూసి ముగ్గురని లెక్కపెట్టకూడదు. దేవుడు సర్వాంతర్యామి. ఒకే సమయంలో ఆకాశం నుంచి మాట్లాడగలడు, పావురంలా దిగగలడు, శరీరంలో నిలబడగలడు. అది ఆయన గొప్పతనం, ముగ్గురున్నారనడానికి రుజువు కాదు.

జెకర్యా_బాపట్ల

మరి సిలువకి ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు ఎవరికి ప్రార్థించాడు? తనకి తానేనా? ఈ ఒక్క ప్రశ్నకి ఏకత్వం వాళ్ల దగ్గర జవాబు ఉండదు.

యేసునామం_238

ఉంది బ్రదర్. ఆయన నిజమైన మనిషి కూడా. మనిషి దేవుడికి ప్రార్థిస్తాడు. ఆ రాత్రి "నా యిష్టము" అన్నది ఆ మానవ చిత్తం.

బెరయ_చదువరి

నేను త్రిత్వం నమ్మేవాణ్ణే, కానీ జెకర్యా అన్నా, గెత్సేమనే మనకి అంత బలమైన వాదన కాదు. త్రిత్వం ప్రకారం కూడా తండ్రికి, కుమారుడికి దైవత్వంలో చిత్తం ఒక్కటే. గెత్సేమనేలో వణికింది క్రీస్తు మానవ చిత్తమని 681లో కాన్‌స్టాంటినోపుల్‌లో జరిగిన సభే తేల్చింది, క్రీస్తుకి దైవ చిత్తం, మానవ చిత్తం రెండూ ఉన్నాయని. అంటే ఆ ఒక్క మాట దగ్గర మనమూ, 238 గారూ చెప్పేది దాదాపు ఒకటే.

అసలు తేడా తేలేది యోహాను 17:5 దగ్గర. "లోకము పుట్టక మునుపు నీయొద్ద నాకు ఏ మహిమ యుండెనో" అని కుమారుడు తండ్రితో అంటున్నాడు. లోకం పుట్టక ముందు శరీరం లేదు, మరియ లేదు, బెత్లెహేము లేదు. మానవత్వమే కుమారుడైతే అప్పుడు "నీయొద్ద" ఉన్న "నేను" ఎవరు? దీనికి జవాబు కావాలి.

ఇంకోటి, ఇది మన తెలుగువాళ్లకే బాగా వినబడుతుంది. ఇంగ్లిషువాళ్లకి "మనం", "మేం" రెండూ ఒకటే మాట. మనకి అలా కాదు. మా అమ్మ నాతో "మనం ఊరెళ్దాం" అంటే నేనూ ఉన్నాను, "మేం ఊరెళ్తున్నాం" అంటే నేను ఇంటి కాపలా. తెలుగు బైబిల్లో యోహాను 14:23 తీయండి. తనను ప్రేమించేవాడి గురించి యేసు చెబుతూ "మేము వాని యొద్దకు వచ్చి వానియొద్ద నివాసము చేతుము" అన్నాడు. ఆ "మేము"లో శిష్యులు లేరు. తండ్రి, తను. ఒక్కడే అయితే "మేము" ఎలా వస్తుంది? 10:30లో కూడా "నేనును తండ్రియును ఏకమై యున్నాము", "ఉన్నాను" కాదు. సుమారు 213లో తెర్తుల్లియన్ అనే తొలినాళ్ల క్రైస్తవ రచయిత, తండ్రీ కుమారుడూ ఒక్కరేనన్న ప్రక్సెయాస్‌కి ఇచ్చిన జవాబు కూడా సరిగ్గా ఇదే. లాటిన్‌లో అక్కడ "ఒకటి" అనే మాట ఉంది, "ఒకడు" అని లేదు, క్రియ బహువచనం అని ఎత్తిచూపాడు.

కువైట్_సాలొమోను

మేం, మనం సంగతి ఇన్నాళ్లూ నాకు తట్టలేదు. ఫోన్లో బైబిల్ తీసి చూశా, నిజమే.

యేసునామం_238

@బెరయ_చదువరి మీరు చక్కగా రాశారు కాబట్టి నేనూ జాగ్రత్తగా రాస్తాను. 17:5లో ఉన్నది దేవుని సంకల్పంలో ఉన్న మహిమ. ప్రకటన 13:8 జగదుత్పత్తి మొదలుకొని వధింపబడిన గొఱ్ఱెపిల్ల అంటుంది. జగదుత్పత్తి నాడు సిలువ లేదు కదా, అయినా దేవుని దృష్టిలో అది అయిపోయిన సంగతే. మహిమ కూడా అలాంటిదే. 14:23 "మేము" విషయంలో, ఆ అధ్యాయంలోనే "నేను తండ్రియందును తండ్రి నాయందును" ఉన్నామని ఆయన అన్నాడు, దైవత్వం, మానవత్వం కలిసి మాట్లాడే మాట అది. మీకు ఇది చాలదనిపించవచ్చు. కానీ మనం, మేము అని పట్టుకుంటే ఆదికాండం 1:26లో "మన స్వరూపమందు" అన్న వెంటనే 27లో "తన స్వరూపమందు" అని ఏకవచనం ఉంది, దాన్నీ పట్టుకోవాలి.

బెరయ_చదువరి

27 మీరు ఎత్తడం న్యాయమే. "మన" అన్నవాడే "తన" అయ్యాడు, అందుకే మేం ముగ్గురు దేవుళ్లనం. 17:5 మాత్రం నాకు చాలదు. గొఱ్ఱెపిల్ల వాక్యంలో "నేను" అని ఎవరూ మాట్లాడటం లేదు. ఇక్కడ ఒకరు ఇంకొకరితో జ్ఞాపకం చెప్పుకుంటున్నట్టు మాట్లాడుతున్నారు.

మరియమ్మ_మనవరాలు

1 యోహాను 5:7లో పరలోకంలో సాక్ష్యమిచ్చేవారు ముగ్గురు, తండ్రి, వాక్యము, పరిశుద్ధాత్మ, ఈ ముగ్గురు ఒక్కటే అని స్పష్టంగా ఉంది. ఇంకా వాదనెందుకు?

బెరయ_చదువరి

అది కింగ్ జేమ్స్ అనే పాత ఇంగ్లిషు బైబిల్లో ఉంది అమ్మా, మన తెలుగు బైబిల్లో చూడండి. ఆత్మ, నీళ్లు, రక్తం అనే ముగ్గురు సాక్షులే ఉంటారు. పాత గ్రీకు ప్రతుల్లో ఆ తండ్రి, వాక్యము అనే భాగం లేదు. ఎరాస్మస్ అనే పండితుడు 1516లో, 1519లో వేసిన గ్రీకు కొత్త నిబంధనలోనూ లేదు, ఒత్తిడి వచ్చాక 1522లో చేర్చాడు. త్రిత్వం నిజమే, కానీ దాన్ని నిలబెట్టడానికి ఆ వాక్యం వాడకూడదు.

యేసునామం_238

ఇది నిజాయితీ గల జవాబు. నేనూ ఒకటి ఒప్పుకుంటాను. మా వాళ్లు 1 తిమోతి 3:16ని "దేవుడు సశరీరుడుగా" అని ఎత్తుతుంటారు, అదీ కింగ్ జేమ్స్ చదువే. తెలుగులో "ఆయన సశరీరుడుగా ప్రత్యక్షుడయ్యెను" అనే ఉంది.

ఏలీయా_గొంతు

ఇంత చర్చ దేనికి. వాళ్లు అబద్ధ బోధకులు. సంబంధం వదిలేయండి, అవిశ్వాసులతో జోడుగా ఉండొద్దని వాక్యం.

రూతు_తణుకు

@ఏలీయా_గొంతు నాన్న ఆఖరి మూడు నెలలు మంచం మీద ఉన్నప్పుడు ఆ అమ్మాయి మాకు సంబంధమే కాదు, వార్డులో పనిచేసే నర్సు. రాత్రి డ్యూటీలో వచ్చి నాన్న చెయ్యి పట్టుకుని ప్రార్థన చేసి వెళ్లేది. సంబంధం కలిసింది కూడా అలాగే. ఆమెను అవిశ్వాసి అంటే నేను ఒప్పుకోను.

నిర్వాహకుడు

సిద్ధాంతాన్ని ఎంతైనా విమర్శించండి. మనుషుల రక్షణ మీద తీర్పులు ఇక్కడ వద్దు. ఇంకోసారి రాస్తే పోస్టు తీసేస్తాం.

డాలస్_గ్రేస్

ఈ చీలిక ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిస్తే కొంత కోపం తగ్గుతుంది. ఏకత్వం వాళ్లు, త్రిత్వం నమ్మే పెంతెకొస్తువాళ్లు, ఇద్దరూ ఒకే ఇంట్లో పుట్టినవాళ్లు. 1906లో లాస్ ఏంజిలిస్ అజూసా వీధిలో పెంతెకొస్తు ఉజ్జీవం మొదలైంది. 1913లో అక్కడికి దగ్గర్లోనే అరోయో సెకో అనే చోట పెద్ద గుడార కూటాలు జరిగాయి. బాప్తిస్మం ఇచ్చే ముందు మెక్ఎలిస్టర్ అనే బోధకుడు, అపొస్తలులు యేసు నామంలోనే ఇచ్చారని ఒక మాట అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని ఫ్రాంక్ ఎవర్ట్ ఏడాది పాటు చదువుకుని 1914 ఏప్రిల్‌లో, తనూ గ్లెన్ కుక్కూ ఒకరికొకరు యేసు నామంలో మళ్లీ బాప్తిస్మం ఇచ్చుకున్నారు. అదే నెలలో అర్కన్సాస్‌లోని హాట్ స్ప్రింగ్స్‌లో అసెంబ్లీస్ ఆఫ్ గాడ్ అనే పెంతెకొస్తు సంఘాల సమాఖ్య పుట్టింది. మూడేళ్లు తిరక్కుండానే, 1916లో సెయింట్ లూయిస్ సమావేశంలో వాళ్లు త్రిత్వాన్ని విశ్వాస ప్రకటనలో రాసుకున్నారు, 150 మందికి పైగా సేవకులు బయటికి వెళ్లిపోయారు. అలా వెళ్లినవాళ్ల గుంపులు కలిసి 1945లో యునైటెడ్ పెంతెకొస్తల్ చర్చి అయింది. మన దేశంలో మిజోరం, మణిపూర్‌లో వాళ్ల సంఘాలు చాలా ఉన్నాయి.

2002 నుంచి 2007 దాకా రెండు వైపుల పెంతెకొస్తు పండితులు ఏటా కూర్చుని మాట్లాడుకున్నారు కూడా. ఒప్పందం కుదరలేదు, కానీ ఒకరినొకరు కేకలేసుకోకుండా నివేదిక రాశారు. మన యూట్యూబ్ డిబేట్లు చూసేవాళ్లు అదొకసారి చదవాలి.

లూథరన్_మనవడు

బ్రన్హాం మెసేజ్ వాళ్లు కూడా వీళ్లేనా? మా ఊళ్లో వాళ్లూ యేసు నామమే అంటారు.

డాలస్_గ్రేస్

కాదు. విలియం బ్రన్హాం అనుచరులు కూడా యేసు నామంలోనే బాప్తిస్మం ఇస్తారు, త్రిత్వాన్ని ఒప్పుకోరు, కానీ ఆయన్ని ఈ కాలపు ప్రవక్తగా నమ్మడం వాళ్ల ప్రత్యేకత. ఏకత్వ పెంతెకొస్తువాళ్లు అలా నమ్మరు. యెహోవాసాక్షులైతే మరీ వేరు, వాళ్లు యేసు సర్వశక్తిగల దేవుడే కాదంటారు. ఏకత్వం వాళ్లు యేసే సంపూర్ణ దేవుడంటారు. ముగ్గుర్నీ ఒకే గాటన కట్టడం అన్యాయం.

కాజీపేట_జోజి

మేం ఆర్‌సీఎం, అంటే రోమన్ కాథలిక్కులం. మా దగ్గర జ్ఞానస్నానం, అంటే బాప్తిస్మం, ఒక్కసారే. లూథరన్ నుంచి వచ్చినా, సీఎస్ఐ నుంచి వచ్చినా, నీళ్లతో పిత పుత్ర పవిత్రాత్మ నామమున ఇచ్చి ఉంటే మళ్లీ ఇవ్వరు. కానీ యేసు నామంలో మాత్రమే తీసుకున్నవాళ్లు మా గుడికి వస్తే, ఆ జ్ఞానస్నానం చెల్లదని మళ్లీ ఇస్తారు. కాబట్టి ఆ పాస్టరుగారు చేస్తున్నదే మేం తిరగేసి చేస్తున్నాం, అది ఒప్పుకోవాలి.

జెకర్యా_బాపట్ల

జోజి అన్న రాసింది చదివాక నేనొకటి చెప్పాలి. మా ఆవిడ యేసు నామ సంఘం నుంచే వచ్చింది. పెళ్లికి ముందు మా సంఘం పెద్దలు ఆమెకి మళ్లీ బాప్తిస్మం ఇప్పించారు. చర్చిలో వేదిక కింద చెక్కలు తీస్తే తొట్టి ఉంటుంది, డిసెంబరు నెల, మంచు పడుతోంది, తెల్ల చీరలో చలికి వణుకుతూ దిగింది. నేను పక్కన తువ్వాలు పట్టుకుని నిలబడ్డాను. పదకొండేళ్లయింది. ఆమె ఒక్కసారి కూడా దాని గురించి మాట్లాడలేదు, నేనూ అడగలేదు. ఈ థ్రెడ్ చదివాక ఇవాళ మధ్యాహ్నం అడిగాను. "మా అమ్మ ముందు నేను చిన్నతనంలో తీసుకున్నది ఉత్త స్నానమని ఒప్పుకున్నట్టయింది, అది నాకు గుచ్చుకుంది" అంది.

పైన గెత్సేమనే మీద గట్టిగా రాసింది నేనే. త్రిత్వం నమ్మడం మానను. కానీ ఆ రోజు ఆమెను అలా దింపాల్సింది కాదు.

సండేస్కూల్_టీచర్

అన్నా, ఈ మాట ఆవిడకి కూడా చెప్పండి.

బెరయ_చదువరి

రూతు అక్క అడిగిన అసలు విషయానికి వస్తాను. బాప్తిస్మంలో పలికే మాటల మీదే అంతా ఆధారపడి ఉందా? కార్యాల్లో ఆ నాలుగు చోట్లూ గ్రీకులో ఒకే మాట లేదు. 2:38లో "నామం మీద" అన్న అర్థం వచ్చేలా, 8:16లో "నామంలోనికి" అని, 10:48లో "నామంలో" అని, ఇలా విభక్తి మారుతుంది. "యేసుక్రీస్తు" అని ఒకచోట, "ప్రభువైన యేసు" అని ఇంకోచోట. ఒక మంత్రంలాగా పలకాల్సిన మాటలైతే ఇలా మారవు. ఎవరి అధికారం కింద, ఎవరికి చెందినవాడుగా బాప్తిస్మం పొందాడో చెప్పే మాట అది. కలెక్టరు పేరు మీద నోటీసు వచ్చిందంటే కలెక్టరు పేరు బిగ్గరగా చదివారని కాదు కదా.

దీనికి పాత సాక్ష్యం కూడా ఉంది. డిడాకే అనే తొలినాళ్ల సంఘపు పుస్తకం ఏడో అధ్యాయంలో తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామంలో బాప్తిస్మం ఇవ్వమంటుంది. రెండు అధ్యాయాలు దాటగానే, తొమ్మిదిలో, అదే బాప్తిస్మం పొందినవాళ్లని "ప్రభువు నామంలో" పొందినవాళ్లు అంటుంది. రాసినవాళ్లకి రెండూ ఒకే బాప్తిస్మం.

యేసునామం_238

డిడాకే వాక్యం కాదు. మత్తయి 28:19ని నాలుగో శతాబ్దపు సంఘ చరిత్రకారుడు యూసేబియస్ కొన్నిచోట్ల "నా నామమున" అని మాత్రమే ఎత్తాడు, అదీ చెప్పండి మరి.

బెరయ_చదువరి

ఎత్తాడు, నిజం. కానీ ఆ వచనం ఉన్న గ్రీకు ప్రతులన్నిటిలో తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ ఉంది. మీరు ఇప్పుడు ఆ వచనాన్ని అనుమానిస్తే, పైన "నామములోనికి" ఏకవచనం అని దాని మీద కట్టిన మీ వాదనే కూలిపోతుంది.

యేసునామం_238

సరే, యూసేబియస్‌ని వదిలేస్తాను. ఏకవచనాన్ని మాత్రం వదలను.

గుమాస్తా_నరసాపురం

వాదనలు చదివాను, నా పని కోర్టు కాగితాలు కాబట్టి అది చెప్తాను. భారతీయ క్రైస్తవ వివాహ చట్టం 1872 ప్రకారం క్రైస్తవ మతాన్ని అనుసరించేవాళ్లంతా క్రైస్తవులే, ఏ నామంలో బాప్తిస్మం అన్న ప్రశ్న చట్టంలో లేదు. ఇద్దరిలో ఒక్కరు క్రైస్తవులైనా ఆ చట్టం కింద పెళ్లి చేసుకోవచ్చు. లైసెన్సు ఉన్న పాస్టరు ఎవరైనా చేయొచ్చు, మీ వైపు అయ్యగారికి ఉంటే ఆయనే చాలు. పెళ్లి చేయను అనే హక్కు ఆ పాస్టరుగారికి ఉంది, పెళ్లి ఆపే హక్కు లేదు. పెళ్లయ్యాక రిజిస్టరులో సంతకాలు, సాక్షులు సరిగ్గా ఉన్నాయో చూసుకోండి, వీసాలకి వెళ్లినప్పుడు అక్కడే ఇరుక్కుంటారు.

కువైట్_సాలొమోను

ఆఖరి మాట వంద శాతం నిజం. ఇక్కడ మా రూమ్‌లో ఒకడికి భార్యను తెచ్చుకోడానికి ఆ కాగితం కోసమే ఎనిమిది నెలలు పట్టింది.

యేసునామం_238

షరతు మీద నా అభిప్రాయం రాస్తానన్నాను. మా సంఘాల్లో చాలామందిలాగే నేనూ కార్యాలు 2:38 రక్షణకి సంబంధించిందనే నమ్ముతాను, దాచను. కానీ 2:38లో మొదటి మాట "మారుమనస్సు పొంది". పెళ్లి కోసం నీళ్లలో దిగినవాడు ఏ మారుమనస్సుతో దిగాడు? కార్యాలు 19లో, ఎఫెసులో మళ్లీ బాప్తిస్మం తీసుకున్న ఆ పన్నెండు మంది పౌలు మాట విని, నమ్మి తీసుకున్నారు, ఆయన వాళ్లకి ముహూర్తం పెట్టి గడువు ఇవ్వలేదు. అందుకే ఆ అయ్యగారు చేసింది మా సిద్ధాంతం ప్రకారం కూడా తప్పే. తమ్ముడికి ఒప్పుకోలు వస్తే రేపు రావచ్చు, పదేళ్ల తర్వాత రావచ్చు, రాకపోవచ్చు.

మీ అమ్మగారి ప్రశ్న నన్ను రెండు రోజులుగా వదల్లేదు. మీ నాన్నగారికి తీర్పు తీర్చేవాడు యేసు, నేను కాదు. ఆయన తనకు తెలిసిన దేవుణ్ణి ప్రేమించి పోయాడు. అంతకు మించి నేను చెబితే అబద్ధమవుతుంది, తక్కువ చెబితే క్రూరత్వమవుతుంది.

లూథరన్_మనవడు

@యేసునామం_238 మొదట్లో కొంచెం కటువుగా రాశాను. మీ సిద్ధాంతం ఒప్పుకోను. ఈ పోస్టు మాత్రం ప్రింటు తీసి మా అమ్మకి చదివి వినిపించాను.

మరియమ్మ_మనవరాలు

కొరింథులో తను క్రిస్పుకు, గాయియుకు, స్తెఫను ఇంటివారికి తప్ప ఇంకెవరికీ బాప్తిస్మం ఇవ్వనందుకు పౌలు దేవునికి కృతజ్ఞతలు చెప్పాడు. నా నామంలో, నీ నామంలో అని పోట్లాడుకుంటారనే భయంతోనే. రూతమ్మా, అమ్మకి ఆ అధ్యాయం చదివి వినిపించు, 1 కొరింథీ మొదటిది.

రూతు_తణుకు

వారం తర్వాత వస్తున్నాను. అందరివీ చదివాను, కొన్ని రెండేసిసార్లు.

శనివారం అమ్మా, తమ్ముడూ, నేనూ అమ్మాయి వాళ్లింటికి వెళ్లాం. తమ్ముడు ఒక్కటే మాట అన్నాడు. "నీళ్లలో దిగడానికి నాకు అభ్యంతరం లేదండీ, ఇప్పటికే రెండుసార్లు అయింది. కానీ దిగితే మా నాన్నది బాప్తిస్మం కాదని నేను సంతకం పెట్టినట్టే. అది నేను పెట్టలేను." అమ్మాయి వాళ్ల నాన్న చాలాసేపు మాట్లాడలేదు. ఆయన బైబిల్ చూశాను, రెక్సిన్ అట్ట చిరిగిపోతే చెప్పులు కుట్టే దారంతో కుట్టుకున్నాడు, 2:38 కింద గీసిన గీత అవతలి పేజీకి దిగింది. అమ్మాయే మాట్లాడింది. "ఆయన చెయ్యి పట్టుకుని ప్రార్థన చేశాను నాన్నా, ఆయనకి దేవుడు తెలుసు" అంది.

వాళ్ల అయ్యగారు ఒప్పుకోలేదు, ఇంకా ఒప్పుకోరు. పెళ్లి మా చర్చిలోనే, మా అయ్యగారే చేస్తారు, లైసెన్సు ఉంది, గుమాస్తా గారి మాట ప్రకారం అడిగి చూసుకున్నాం. అమ్మాయి తన సంఘం మానదు, తమ్ముడు తన సంఘం మానడు, ఆదివారం ఉదయం ఒకచోటికి, సాయంత్రం ఒకచోటికి అనుకున్నారు. పిల్లలు పుడితే ఏం చేస్తారని మా పిన్ని అక్కడే అడిగేసింది. ఎవరి దగ్గరా జవాబు లేదు.

తర్వాత శుభలేఖ దగ్గర ఆగాం. మా వైపు పైన "త్రియేక దేవుని కృపను బట్టి" అని వేయడం అలవాటు. వాళ్ల వైపు "ప్రభువైన యేసుక్రీస్తు నామములో" అని. ప్రెస్సు అతను రెండు నమూనాలు చేసి వాట్సాప్‌లో పెట్టాడు, రెండు ఇళ్లలోనూ ఫోను చేతులు మారింది. చివరికి పైన ఏదీ లేకుండా కీర్తన 118:23 ఒక్కటే వేయించాం. అమ్మ ప్రూఫు చూసి నాన్న పేరు ముందు "కీర్తిశేషులు" బదులు "ప్రభువునందు నిద్రించిన" అని మార్చమంది. అమ్మాయి వాళ్ల నాన్న ఫోన్లో "అలాగే వేయించండి అమ్మా" అన్నారు.

జెకర్యా_బాపట్ల

ఆయన "అలాగే వేయించండి" అన్నారంటే, మీ అమ్మగారి ప్రశ్నకి వాళ్లింట్లోంచే జవాబు వచ్చింది కదా.

యేసునామం_238

తేదీ చెప్పండి అక్కా, మా ఇంట్లో ప్రార్థనలో పెట్టుకుంటాం. బెరయ గారూ, 17:5 మీద ఇంకా రాయాల్సింది ఉంది, ఆదివారం ఆరాధన అయ్యాక కూర్చుని రాస్తాను.

బెరయ_చదువరి

రాయండి, చూస్తుంటాను. ఫిలిప్పీ 2:6 కూడా కలిపి రాయండి, శరీరం ధరించక ముందు ఆయన ఏమి ఎంచుకున్నాడన్నది అందులోనే ఉంది.